నాలుగు వేళ్ల గుడ్డ

ఆ వీధిలో ఆమెను అందరూ మిషనమ్మ అంటారు. కాపురానికి వచ్చిన కొత్తలో ఇంకో పేరుండేది గానీ, వీధి వైపు కిటికీ పక్కన కుట్టుమిషన్ వేసుకుని కూర్చున్నాక ఆ పేరు అరిగిపోయింది. వయసు ఇరవై తొమ్మిది. చూసినవాళ్లు నలభై అంటారు. మొహమాటం లేనివాళ్లు ఇంకో రెండు కలుపుతారు.

ఆమె ఎక్కువగా కుట్టేది బడిపిల్లల బట్టలు. చుట్టుపక్కల నాలుగు వీధుల తల్లులూ ఆమె దగ్గరికే వస్తారు, దానికో కారణం ఉంది. ఎదిగే పిల్లకు చొక్కా కుడితే మిషనమ్మ రెండు పక్కలా కుట్టు లోపల నాలుగేసి వేళ్ల గుడ్డ మడిచి వదిలేస్తుంది. ఏడాది తిరిగేసరికి పిల్ల సాగుతుంది, చొక్కా బిగుస్తుంది, తల్లి దాన్ని సంచిలో వేసుకొస్తుంది. మిషనమ్మ పాత కుట్టు విప్పి, ఒక వేలు వదులు చేసి, కొత్త కుట్టు వేసిస్తుంది. పెద్దవాళ్ల బట్టలకు మాత్రం పిసరు గుడ్డ కూడా ఎక్కువ వదలదు. పెద్దవాళ్లు లావైతే అది వాళ్ల తిండి మహిమ అంటుంది.

ఊరి పిల్లల ఎదుగుదల గురించి ఇంత ముందుచూపున్న మనిషికి కన్నకూతురంటే ఈర్ష్య. ముక్కున వేలేసుకునేవాళ్లు వేసుకోవచ్చు. తల్లికి కూతురి మీద ఈర్ష్యేమిటని చెవులు మూసుకునేవాళ్లు మూసుకోవచ్చు కూడా. ఉన్నమాట చెప్పకుండా ఈ కథ చెప్పడం నావల్ల కాదు.

మొదట్నుంచీ లేదది. కూతురు పాకినప్పుడు మురిసింది, నడిచినప్పుడు దిష్టి తీసినంత పని చేసింది, బడికి పంపినప్పుడు వీధి మలుపు దాకా వెళ్లి నిలబడింది. కూతురికి పదమూడు నిండేదాకా అంతా సవ్యంగానే ఉంది, ఎందుకంటే అప్పటిదాకా కూతురికి ఉన్నదంతా తనకూ ఉండేది. బడి, పుస్తకాలు, వానలో పరుగు, ఏమీ లేనిదానికి పడిపడి నవ్వడం. పదమూడేళ్లకు మిషనమ్మకు పెళ్లి చేశారు. పద్నాలుగేళ్లకు మూడు రోజులు నొప్పులు పడి కన్న బిడ్డ ఏడవకుండానే పోయింది. పదిహేనేళ్లకు ఈ పిల్ల పుట్టింది. కాబట్టి కూతురు పద్నాలుగో ఏట అడుగు పెట్టిన రోజు నుంచీ, తాను ఎన్నడూ చూడని ఇంట్లోకి ఆ పిల్ల చెప్పులతో నడిచిపోతున్నట్టే ఉంది తల్లికి.

ఆ పిల్ల కూడా తక్కువది కాదు. కాళ్లు పొడుగు, అందుకని ఇంట్లో పిలుపే పొడుగుకాళ్లది. తిన్న కంచం తీయదు. బోర్లా పడుకుని, కాళ్లు గాల్లో ఊపుతూ లెక్కలు చేస్తుంది. లెక్క తేలితే దానిలో అదే నవ్వుకుంటుంది. ఆ నవ్వు వినిపించినప్పుడల్లా మిషనమ్మ పెడలు గట్టిగా తొక్కేది. సూది విరిగిన రోజులు కూడా ఉన్నాయి.

"లెక్కకి నవ్వేంటే, చక్కిలిగింతలు పెట్టిందా?" అనేది.

"నీకు తెలీదులే అమ్మా," అనేది పిల్ల తల ఎత్తకుండానే.

ఆ మాట ఒక్కటి చాలు మిషనమ్మకు సాయంత్రం దాకా కడుపు మండడానికి. తెలీకేం? తనకూ ఒకప్పుడు లెక్క తేలితే నవ్వొచ్చేది.

ఆ సంగతి సాక్ష్యంతో సహా చెప్పగల మనిషి ఒకావిడ ఉంది, పిల్ల బడిలో లెక్కల టీచరు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చున్నారు. ఒకే వయసు. ఈమె పెళ్లయి వెళ్లిపోతే ఆమె బల్ల మీదే ఉండిపోయి, అలా చదువుతూ చదువుతూ బల్ల ముందుకొచ్చి నిలబడింది. ఒకసారి ఇద్దరూ బట్టల కొట్లో ఎదురుపడితే, కొట్టాయన మిషనమ్మ వైపు తిరిగి, "మీ పెద్దమ్మాయిగారికి ఏం చూపించమంటారు?" అన్నాడు. టీచరు నొచ్చుకుని ఏదో సర్దబోయింది. మిషనమ్మ వారం రోజులు ఆ కొట్టు మీదుగా నడవలేదు.

ఆ టీచరు ఒకరోజు మధ్యాహ్నం కాగితం పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చింది.

"రండి, కూర్చోండి," అంది మిషనమ్మ.

"నన్ను మీరంటావేంటే. ఒకే బల్ల మీద కూర్చున్నాం."

"అప్పుడు కూర్చున్నాం. ఇప్పుడు మీరు టీచరుగారు."

టీచరు ఆ పుల్లవిరుపు మాటను పట్టించుకోనట్టే కూర్చుంది. పొడుగుకాళ్లదానికి పెద్ద బడిలో సీటొచ్చిందనీ, హాస్టలూ పుస్తకాలూ వాళ్లే చూసుకుంటారనీ, తల్లిగానీ తండ్రిగానీ ఈ కాగితం మీద సంతకం పెడితే చాలనీ, నెలాఖరు లోపు అందాలనీ చెప్పింది. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. లేచి వెళ్తూ, "నిజం చెప్పాలంటే నేను నీ పుస్తకం చూసి లెక్కలు రాసేదాన్ని. నువ్వు ఉండి ఉంటే నాకంటే ఎంత పైకొచ్చేదానివో," అంది.

ఆమె మంచికే అంది. కానీ తిట్టిన మాటను దులుపుకోవచ్చు, జాలిపడ్డ మాటను ఎక్కడ దులుపుతాం? టీచరు వీధి దాటేదాకా చూసి, మిషనమ్మ ఆ కాగితాన్ని ఇస్త్రీపెట్టె కింద పెట్టింది.

"టీచర్ వచ్చారట కదా. సంతకం పెట్టావా?" అంది కూతురు బడి నుంచి వస్తూనే.

"మీ నాన్న రావాలి."

"నువ్వు పెట్టినా చాలన్నారు టీచర్. టీచర్ ఏమన్నారంటే..."

"ఏమన్నా ఆవిడే అనాలి. నేను మాట్లాడితే కుట్టుమిషన్ చప్పుడు."

పిల్ల సంచి పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

పిల్ల తండ్రి లారీ డ్రైవరు. వారానికి రెండు రోజులు ఇంట్లో ఉంటాడు. మనిషి మెత్తన. చలికాలం పొద్దున్న లారీ స్టార్ట్ అవడానికి ఎంతసేపు పడుతుందో, ఆయన నోట్లోంచి మాట రావడానికీ అంతే పడుతుంది. ఆయన వచ్చిన రోజునే ఆయన అక్క కూడా దిగింది. ఆమె తన మరిదికి పొడుగుకాళ్లదాన్ని అడగడానికి వచ్చింది. మరిదికి ఇరవై ఎనిమిది, సిమెంటు కొట్టు ఉంది. ఆమె అత్తగారు, అంటే ఆ మరిది తల్లి, మంచంలో ఉంది. ఆవిణ్ణి లేపి కూర్చోబెట్టడానికీ, పడుకోబెట్టడానికీ మనిషి కావాలి.

"పిల్ల బాగా ఎదిగింది తమ్ముడూ. ఆ పెద్ద బడీ హాస్టలూ అంటున్నారట, అక్కడికి పంపితే ఎవడి వెంటో పోయిందని కబురొస్తుంది. అప్పుడు నువ్వు తలెక్కడ పెట్టుకుంటావు? మనింట్లో అయితే నా కళ్లముందు ఉంటుంది. వయసు సంగతి నాకొదిలెయ్. మావాళ్లందరికీ పద్దెనిమిదని చెప్పా. ఆ పొడుగు చూసి ఎవరూ అడగరు."

"అంటే నా కూతురు నీకు తోడికోడలవుతుందా?" అన్నాడు డ్రైవరు చాలాసేపటికి.

"అయితే ఏం? మేనత్తే తోడికోడలైతే పిల్లకి అంతకంటే అదృష్టం ఏముంది?"

డ్రైవరు భార్య వైపు చూశాడు. "నువ్వేమంటావు?" అన్నాడు.

పదహారేళ్ల కాపురంలో ఆ ఇంట్లో మిషనమ్మను ఏ సంగతిలోనూ ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. తీరా అడిగిన వేళ అలాంటిది. సరిగ్గా అప్పుడే లోపలి గదిలో పొడుగుకాళ్లది లెక్క తేలి కిలకిలా నవ్వింది.

నాకు లేనిది దీనికెందుకు, అనుకుంది మిషనమ్మ. అచ్చంగా ఆ మాటల్లోనే అనుకుంది. పైకి మాత్రం, "సరే," అంది.

కూతురు గోల చేస్తుందనీ, కాళ్లావేళ్లా పడుతుందనీ, అప్పుడు నాలుగు మాటలు అనవచ్చుననీ మిషనమ్మ సిద్ధంగా కూర్చుంది. పిల్ల ఏడవలేదు. "సరేనంది ఎవరు?" అని అడిగింది. "మీ అమ్మే," అంది మేనత్త ముద్దుగా. పిల్ల తల్లి మొహంలోకి కాసేపు చూసి, పుస్తకం మూసి, తిన్న కంచం తీసి కడిగి బోర్లించింది. ఆ రోజు నుంచి ఇంట్లో నవ్వు వినబడలేదు. మిషన్ సూది కూడా విరగలేదు. మిషనమ్మకు హాయిగా ఉండాలి మరి. కడుపులో మంట తగ్గకపోగా, పక్కన ఇంకేదో బరువు కూడా చేరింది.

పెళ్లి జాకెట్టు తల్లే కుట్టాలని వదినగారి ఆజ్ఞ. మెరిసే ఎర్రగుడ్డ ఆమే తెచ్చి పడేసింది. ఆదివారం పొద్దున మిషనమ్మ కూతుర్ని కిటికీ వెలుతురులో నిలబెట్టి కొలతలు తీసుకుంది. ఎదురుగా నిలబడితే పిల్ల తనకంటే పొడుగు. భుజాలు విచ్చుకున్నాయి. మెడ నిటారుగా ఉంది. మూడు రోజుల నొప్పులు తెలియని నడుము. మిషనమ్మ చేతిలో టేపు దానంతటదే బిగుసుకుంది. వేల మందికి కొలతలు తీసిన చెయ్యి. టేపుకూ ఒంటికీ మధ్య ఒక వేలు దూరాలని ఆ చేతికి ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా ఆ రోజు వేలు దూర్చలేదు.

"ఊపిరి వదులు," అంది.

పిల్ల వదిలింది.

"ముప్పై," అని సుద్దతో గుడ్డ మీద రాసుకుంది మిషనమ్మ.

రెండు రోజుల్లో జాకెట్టు పూర్తయింది. మూడో రోజు మధ్యాహ్నం వదిన చూడ్డానికి వచ్చింది. ముందు వైపు చూసి బాగుందంది. చేతులు చూసి బాగుందంది. తర్వాత లోపలి వైపు తిప్పి చూసి మూతి ముడిచింది.

"ఇదేంటి, లోపల ఇంత గుడ్డ ఉంది?"

మిషనమ్మ వంగి చూసింది. రెండు పక్కలా కుట్టు లోపల నాలుగేసి వేళ్ల గుడ్డ శుభ్రంగా మడిచి ఉంది. కత్తిరించేటప్పుడు తాను ఏమాలోచించిందో ఆమెకే గుర్తులేదు. కొలత బిగించి తీసిన చెయ్యే గుడ్డ వదిలి పెట్టింది.

"అలవాటు వదినా," అంది. "ఎదిగే పిల్ల కదా."

"ఆ మాటే వద్దంటున్నా. పెళ్లిరోజు మావైపు ఆడవాళ్లు వచ్చి బట్టలు తొడుగుతారు. ఇది తిప్పి చూస్తే పిల్ల వయసెంతో ఇట్టే తెలిసిపోతుంది. పద్దెనిమిదేళ్లదానికి ఎవరైనా ఇంత గుడ్డ వదులుతారా? కత్తిరించెయ్."

మిషనమ్మ కత్తెర తీసింది. చేతికి అలవాటైన పని.

"అప్పుడూ ఇదే గొడవ," అంది వదిన కుర్చీలో సర్దుకుంటూ. "నీ పెళ్లి జాకెట్టుకీ మీ అమ్మ ఇలాగే లోపల గుడ్డ వదిలి పంపితే మా అమ్మ చూసి కత్తిరించేసింది. నేనేగా కత్తెర అందించా. నువ్వు పక్కనే నిలబడి ఆ ముక్కలు బొమ్మకి కావాలని అడిగావు. ఎంత నవ్వామో."

మిషనమ్మకు ఆ గది గుర్తొచ్చింది. గుడ్డముక్కలు నేల మీద పడడం గుర్తొచ్చింది. తల్లి ఎంత జాగ్రత్తగా మడిచి ఉంటుందో ఇప్పుడు తెలిసింది, ఎందుకంటే ఇప్పుడు తన చేతికీ అదే మడత వచ్చు. పెళ్లయిన ఏడాదికి ఆమె నాలుగు వేళ్లు ఎదిగింది. జాకెట్టు చంకలో చిరిగింది. విప్పి వదులు చేసుకోవడానికి లోపల గుడ్డ లేదు. తిన్నదంతా ఒంటికే పడుతోందని అత్త దెప్పితే, పాత దిండు గలేబు చించి రెండు పక్కలా అతుకులు వేసుకుంది. ఆమె నేర్చుకున్న మొదటి కుట్టు అది. ఎదిగినందుకు సిగ్గుపడింది. ఆ అతుకుల జాకెట్టుతోనే మొదటి బిడ్డను కనడానికి వెళ్లింది, ఒట్టి చేతులతో తిరిగొచ్చింది. ఆ తర్వాత ఇన్నేళ్లుగా ఏ పిల్లకు ఏం కుట్టినా నాలుగు వేళ్ల గుడ్డ ఎందుకు వదులుతోందో తనను తాను ఒక్కసారైనా అడగలేదు. ఊళ్లో పిల్లలందరికీ వదిలింది. కన్నకూతురి దగ్గరికొచ్చేసరికి కత్తెర తీసింది.

గుమ్మంలో అలికిడైతే తలెత్తింది. పొడుగుకాళ్లది బడిసంచితో నిలబడి తల్లి చేతిలో కత్తెరను చూస్తోంది.

"కానీ మరి," అంది వదిన.

"కత్తిరించను."

"ఇటివ్వు, నేనే కత్తిరిస్తా. నాకు రాదా ఏంటి?"

"నీకు కత్తెర అందివ్వడం వచ్చని తెలుసు వదినా," అంది మిషనమ్మ. జాకెట్టు మడిచి ఒళ్లో పెట్టుకుంది. "ఈ పెళ్లి జరగదు. మీ అత్తగారికి వేరే మనిషిని చూసుకోండి."

వదిన అగ్గి మీద గుగ్గిలమైంది. "నా తమ్ముడు మాటిచ్చాడు. అందరికీ చెప్పుకున్నాం."

"ఆయన అడిగాడు, మాటిచ్చింది నేను. నేనే తీసుకుంటున్నా. అందరికీ పద్దెనిమిదని చెప్పావుగా, ఇప్పుడు పద్నాలుగని చెప్పు. నువ్వు చెప్పకపోతే నేనొచ్చి ఈ జాకెట్టు తిప్పి చూపిస్తా."

"ఈ పిల్ల రేపు మీ మొహాన మసి పూసి పోతుంది, గుర్తుంచుకో. అప్పుడు నా గుమ్మం తొక్కొద్దు," అని వదిన చెప్పులేసుకుని వెళ్లిపోయింది. ఎర్రగుడ్డ ఎవరు తెచ్చారన్నది కూడా మర్చిపోయింది.

డ్రైవరు వచ్చేసరికి అక్క ముందే ఫోనులో ఆయన చెవిలో పోయాల్సిందంతా పోసింది. ఆయన వచ్చి, చేతులు కడుక్కుని, మిషన్ ముందు నిలబడ్డాడు. మిషనమ్మ జవాబు సిద్ధం చేసుకుంది. ఆయన ఇస్త్రీపెట్టె పక్కకి జరిపి, దాని కింద అంచు కనబడుతున్న బడి కాగితం బయటికి తీశాడు. అది కొంచెం మాడింది.

"ఎవరు పెట్టాలి, నువ్వా నేనా?" అన్నాడు.

"నేను పెడతా," అంది మిషనమ్మ. తన అసలు పేరు మొత్తం రాసింది. చాలా రోజులైంది కాబట్టి మధ్యలో ఒక అక్షరం దగ్గర ఆగాల్సి వచ్చింది.

ఇంతటితో మిషనమ్మ మనసు కడిగిన కంచంలా అయిపోయిందని చెప్తే వినడానికి బాగుంటుంది. ఈర్ష్య ఎక్కడికీ పోలేదు. పెద్ద బడి నుంచి ఏమేం తెచ్చుకోవాలో జాబితా వస్తే, అందులో జామెట్రీ పెట్టె ఉందని చూసి మళ్లీ చురుక్కుమంది. టీచరు వచ్చి ఆనందంతో చెయ్యి పట్టుకుంటే, ఆ చెయ్యి ఎంత నున్నగా ఉందో అని కుళ్లుకుంది. కానీ టీచరును ఈసారి నువ్వనే పిలిచింది. అంతవరకే చేతనైంది.

ఆ జాబితాలో రెండు జతల యూనిఫారం కూడా ఉంది. వెళ్లడానికి పది రోజుల ముందు, పొద్దున్నే, కూతుర్ని మళ్లీ కిటికీ వెలుతురులో నిలబెట్టింది. టేపు మెళ్లో వేసుకుని దగ్గరికొచ్చి ఆగిపోయింది.

"నీకో మాట చెప్పాలి," అంది. "ఆ రోజు నేను సరే అన్నది మీ అత్త కోసం కాదు, మీ నాన్న కోసం కాదు. నీ మీద ఓర్వలేక అన్నా."

పొడుగుకాళ్లది కిటికీలోంచి వీధిలోకి చూసింది.

"తెలుసు," అంది. "నువ్వు టేపు లాగినప్పుడే తెలిసింది."

క్షమించమని అడగడం ఆ ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. పిల్ల తల్లి మెళ్లోంచి టేపు తీసుకుంది.

"ఈసారి నేనే పట్టుకుంటా. నువ్వు రాసుకో."

టేపును చుట్టూ తిప్పుకుని, ఒక వేలు లోపలికి దూర్చి, తల వంచి అంకె చూసుకుంది.

"ముప్పై రెండు," అంది.

మిషనమ్మ సుద్ద తీసుకుని ముప్పై రెండని రాసింది. పక్కన లోపలి గుడ్డకు నాలుగు వేళ్లు అని కూడా రాసింది. మొన్న తాను రాసుకున్నది ముప్పై.